ఆ పదహారు పేజీలు

"ఫైలు మాత్రం అడక్కమ్మా," అన్నారు నవలా రచయిత పాండురంగారావు. "నీకిస్తే నువ్వు పదిమందికి పంపుతావు. వాళ్లు ఇంకో వందమందికి పంపుతారు. నా నవల దొంగలపాలైపోతుంది."

ఆ నవల కాపీలు తెనాలిలో ఆయన మంచం కిందే ఉన్నాయి, కట్టలు కట్టలుగా.

ఫైలు కోసం బాపట్ల నుంచి రైల్లో వచ్చిన పర్వీన్‌కు చూపు లేదు. "మీరు సభలో పంచిన పుస్తకం నా దగ్గరుందండి. ఒక్కో పేజీ ఫొటో తీసి ఫోను చేత చదివించుకున్నాను. మధ్యలో ఆగిపోయింది."

"ఏం, విసుగొచ్చిందా?"

"లేదండి. నూట పన్నెండో పేజీలో నాయిక రేపల్లె రైలెక్కింది. దాని తర్వాత నూట ఇరవై తొమ్మిదో పేజీ ఉంది. అక్కడ ఆమె దినం భోజనాలు జరుగుతున్నాయి. ఎలా పోయిందో తెలియాలి కదండి."

"నీ కాపీకి ఆ పేజీలు కుట్టడం మర్చిపోయుంటారు. ఉండు, ఇంకోటి ఇస్తాను."

మంచం కింద నుంచి ఒక కట్ట లాగి విప్పారు. మొదటి కాపీలో ఆ పేజీలు లేవు. రెండోదానిలోనూ లేవు. ఇంకో కట్ట విప్పారు. అందులోనూ లేవు.

నవల వచ్చి రెండేళ్లయింది. నాయిక చనిపోయే ఘట్టం చదివి ఏడ్చేశామని ఆవిష్కరణ సభలో వక్తలంతా చెప్పారు. అధ్యక్షులవారైతే జేబురుమాలు కూడా తీశారు.

"దొరికాయా సార్?" అంది పర్వీన్.

ఆయన కట్ట మీదే కూలబడ్డారు.

"నీ నంబరు చెప్పమ్మా, ఫైలు పంపుతాను. పదిమందికి పంపినా పర్లేదు."