పావుగంట పెద్దోడు

"కంప్యూటర్ తప్పు చెప్తాండాది సార్."

గేటు మీద అంటించిన కాగితం జిగురైనా ఆరలేదు, అప్పుడే ఇమాం కొడుకు వచ్చి బల్ల ముందర నిలబడ్డాడు. మేనేజరు మార్కండేయులు తలెత్తి చూశాడు. మనిషి మొహం చూస్తే చాలు, ఎందుకొచ్చాడో చెప్పేస్తాడని హిందూపురం నూలు మిల్లులో ఆయనకు పేరు.

ఇమాం పోయిన నెల పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. అట్లా పోయినవాడి ఉద్యోగం పెద్ద బిడ్డకివ్వడం ఆ మిల్లు కట్టుబాటు. ఇమాం కొడుకులిద్దరూ కవలలు, ఒకే అచ్చులో పోసినట్టుంటారు. రియాజ్ పెద్దోడని కంప్యూటర్ తేల్చింది. ఇతను షాకిర్ అన్నమాట, రానే వచ్చాడు తగాదాకు, అనుకున్నాడు మార్కండేయులు.

"ఏమబ్బా, తోడబుట్టినోనికి ఉద్యోగమొస్తే కడుపుమంటనా?"

"అది కాదు సార్. షాకిరే పెద్దోడు. పావుగంట పెద్దోడు."

"పావుగంటకు ఇంత రచ్చనా! మా అవ్వ చెప్తాండె, కవలల్లో వెనక పుట్టినోడే పెద్దోడని. గోతంలో ముందేసిన చెనిక్కాయలు ఆఖర్న కదా వచ్చేది?"

"మీ అవ్వ లెక్క మీ ఇంట్లో సార్. మా ఇంట్లో ముందొచ్చినోడే అన్న."

పక్క బల్ల దగ్గర అరుణ నవ్వు ఆపుకుంది. ఆ ప్రోగ్రాం రాసింది ఆమే.

అతను జేబులోంచి రెండు పాత చీటీలు తీశాడు. పెనుకొండ ఆస్పత్రివి. వాటి వెనక వాళ్లమ్మ ఖాతూన్‌బీ ఎవరితోనో కొడుకుల పేర్లు రాయించి దాచింది. షాకిర్, పద్నాలుగో తేదీ రాత్రి పదకొండూ యాభై. రియాజ్, పదిహేనో తేదీ పన్నెండూ అయిదు.

అరుణ చీటీలు చూసింది, కంప్యూటర్ చూసింది. మొహం పాలిపోయింది.

"తప్పు నాదే సార్. కవలలంటే ఒకే దినం పుడతారు కదా అని, తేదీ వదిలేసి గంటలు మాత్రమే పోల్చమని రాసినా. వీళ్ల మధ్యన అర్ధరాత్రి పడింది. అర్ధరాత్రి దాటితే దానికి గంట సున్నా. సున్నా చిన్నది కాబట్టి రియాజ్ ముందు పుట్టినాడనుకొనింది."

"అంటే ఈ పొద్దు వచ్చినోడు నిన్న వచ్చినోని కన్నా ముందొచ్చినట్టా?"

"దాని లెక్కలో అంతే సార్."

"బాగుండాది సంబడం!"

మార్కండేయులు కాసేపు గడ్డం గోక్కున్నాడు. గేటు మీద రియాజ్ పేరు వేసేశారు. మిల్లంతా చదివేసింది.

"చూడప్పా, వాడు ఆశ పెట్టుకొని ఉంటాడు. నోటికాడి కూడు లాగేస్తావా?"

"పెట్టుకున్నాడు సార్. లేదని ఎట్ల చెప్తా? అయినా మా నాయన జీతంతో ఇద్దరి చదువు జరగలేదు. షాకిర్ బడి ఇడిచిపెట్టి ధర్మవరం పోయి మగ్గం గుంతలో కూకున్నాడు. రియాజ్ డిగ్రీ చేసింది ఆ మగ్గం మీదనే. ఇప్పుడు ఈ ఉద్యోగం కూడా రియాజ్‌కే అంటే, అది యాడి న్యాయం సార్?"

తన కష్టాన్ని ఎవరిదో అయినట్టు చెప్తాండాడే, అనుకున్నాడు మార్కండేయులు. లోపల కోపం దిగి, కాస్త జాలి కలిగింది. ఉద్యోగం కోసం తమ్ముని మీదికి వచ్చినా, న్యాయం మాత్రం వీడి పక్కనే ఉంది.

"సరే. గేటు మీది కాగితం చింపేయించి, కొత్తది తీయమ్మా అరుణా."

కొత్త కాగితం మీద షాకిర్ పేరు వచ్చింది. మార్కండేయులు దాన్ని అతని ముందుకు తోసి, పెన్ను మూత తీసి ఇచ్చాడు.

"ఇందా, గెలిచినావు. సంతకం పెట్టి సోమవారం నుంచి పనిలోకి రా. ఇంటికి పోయి తమ్మునితో మాత్రం కొట్లాడొద్దు."

అతను పెన్ను ముట్టలేదు. కాగితం మీది పేరును వేలితో ఒకసారి తడిమి, చేయి వెనక్కి తీసుకున్నాడు.

"నేను పెట్టకూడదు సార్."

"ఇంకేమప్పా నీ కథ?"

"నేను రియాజ్‌ను."