గట్టు దాటిన దోసపాదు

గట్టుకి ఇవతల కుందేళ్లు, అవతల ఉడతలు సేద్యం చేసుకునేవి. అందరిదీ ఒకే ఉమ్మడి సంత కాబట్టి గట్టుమీద అడ్డుపడేవాళ్లు లేరు. కుందేలు సింగారమ్మ దోసపాదు ఆమె చేలో మొలిచి, గట్టెక్కి, అవతలి ఎండలో కాయలు కాసేది. ఉడత పోలయ్య వాటిని కోసి సంతకి మోసేవాడు.

ఒకనాడు కుందేళ్లు సభ పెట్టాయి. "మన పంట మన ఇష్టం. ఉమ్మడి సంతలోంచి తప్పుకుందామనేవాళ్లు చెవులు నిక్కించండి" అన్నాడు పెద్ద కుందేలు. సింగారమ్మ రెండు చెవులూ నిక్కించింది. నిక్కిన చెవులే ఎక్కువ కాబట్టి కుందేళ్లు సంతలోంచి తప్పుకున్నాయి.

మర్నాడే సంతవాళ్లు గట్టుమీద ముళ్లపందిని కాపలా పెట్టారు. కుందేళ్ల పంట ఏదైనా సరే, మూడు రోజులు అక్కడే ఆపి, పురుగు లేదని తేలాకే వదలాలి.

"నా కాయలు కాసిందే అవతల కదయ్యా!" అంది సింగారమ్మ.

"వేరు ఇవతల ఉందమ్మా."

"పండిన దోసకాయ మూడు రోజులు ఎండలో ఆగుతుందా?"

"ఆగదు. గట్టు దగ్గర తీగ తెంపెయ్. అప్పుడవి ఉడతల కాయలే, నేనాపను."

"తెంపకు వదినా!" అవతలి నుంచి కేకేశాడు పోలయ్య. "పాదు ఎండిపోతే రేపు నేనేం మొయ్యను?"

ముళ్లపంది మెల్లగా అడిగాడు. "ఆ రోజు నువ్వూ నిక్కించావా అమ్మా?"

సింగారమ్మ చెవులు వాలిపోయాయి. "సంత గురించి అడిగారు, నిక్కించాను. ఈ పాదు గురించి ఎవరూ అడగలేదయ్యా."

సాయంత్రం ఆమె ఎప్పటిలాగే పాదుకి నీళ్లు పోసింది. ఆ నీళ్లు తీగలోంచి గట్టు దాటిపోతున్నాయని ముళ్లపందికి తెలుసు. చూడనట్టు తల తిప్పుకున్నాడు.