నాలుగున్నర మిల్లీమీటర్లు

“సరిపోతుందని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?” ఇంట్లోంచి షాపులోకి తెరుచుకునే గుమ్మంలో నిలబడి, ఆమె గొంతు తగ్గించి అడిగింది.

మరమ్మతు బల్ల ముందు కూర్చున్న భర్త తల ఎత్తలేదు. “సరిపోనిదాన్ని సరిపోతుందని ఎలా అనమంటావు?”

బల్లకు అవతల విచారణాధికారి, మూలన స్టూలు మీద మరిది. మధ్యలో సైకిలు వెనక చక్రం. పదిరోజుల క్రితం ఇక్కడే కొత్త గేర్లు వేయించుకుని వెళ్ళిన లెక్కల మాస్టారు, ఎత్తుదారిలో పెడళ్ళ మీద నిలబడి తొక్కుతుంటే గొలుసు పట్టు తప్పింది. ఆయన లారీ కింద పడి చనిపోయాడు. పనిచీటీ మీద సంతకం మరిదిది. తప్పు బిగింపుదని తేలితే అతనికి జైలు. షాపు యజమానిగా ముందు వాంగ్మూలం ఇవ్వవలసింది అన్న.

“వివరంగా చెప్పండి,” అన్నాడు అధికారి.

“ఈ పళ్ళచక్రాల దొంతరను కాసెట్ అంటామండి. ఇందులో తొమ్మిదున్నాయి. ఇది ఎక్కే ఫ్రీహబ్, అంటే చక్రం మధ్యనుండే ఈ గొట్టం, పాతకాలంది, ఏడింటికే చేసింది. నాలుగున్నర మిల్లీమీటర్లు పొట్టి. బలవంతాన ఎక్కిస్తే పైన బిగించే రింగుకు ఒక్క చుట్టు మరైనా సరిగ్గా అందదు. నాలుగు రోజులు తొక్కితే వదులైపోతుంది.”

“మరి దారే లేదా?”

“లేకేం? ఒక పళ్ళచక్రం తీసేసి ఎనిమిదింటితో బిగిస్తే అతికినట్టు కూర్చునేది. మా పనిలో ఇవి ఓనమాలు.”

“మీ తమ్ముడికి రావా ఆ ఓనమాలు?”

“నేనే దిద్దించాను.”

అధికారి స్టూలు వైపు తిరిగాడు. “తెలిసీ ఎందుకు బిగించావయ్యా?”

మరిది అన్న ముఖంలోకి ఒక క్షణం చూశాడు. “తొందర పనండీ. కొలవలేదు.”

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. తల్లి పోయిన తొమ్మిదేళ్ళవాడిని ముద్దలు కలిపి పెట్టి పెంచిన చేతులవి.

“నోట్లో నాలుక లేనివాడు! మీ ధర్మపన్నాలకు వీడే దొరికాడా? మన వేలితో మన కన్నే పొడుస్తున్నారు!”

“ఊరుకో వదినా. అన్నయ్య ఉన్నమాటే చెప్పాడు.”

“నువ్వు నోర్ముయ్యి! వెనకేసుకొచ్చేదాన్ని నేనొక్కదాన్నే అయ్యాను, దానికీ అడ్డమేనా?”

భర్త చక్రాన్ని మెల్లగా పక్కకు జరిపాడు. “మాస్టారికీ భార్య ఉంది. ఆవిడకు నిజం తెలియొద్దా?”

ఆమె కోపం చల్లారలేదు గానీ, ఆ కోపం అడుగున, ఇష్టం లేకుండానే, భర్త మీద గౌరవం పుట్టింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇంతటి మనిషని తను ఎరగదు.

“మీలాంటి అన్నను నేనెక్కడా చూడలేదండీ,” అంటూ అధికారి కాగితాలు మడిచి లేచాడు.

ఆమె నాలుగు చొక్కాలు సంచిలో కుక్కుకుని వీధిలోకి వచ్చేసరికి, జీపు పక్కన అన్నదమ్ములు నిలబడి ఉన్నారు. భర్త తమ్ముడి చేయి పట్టుకుని వదలడం లేదు. వెనక ఆమె వచ్చిన సంగతి ఇద్దరూ గమనించలేదు. మరిది అన్న చెవి దగ్గరకు వంగాడు.

“మళ్ళీ కొలవకుండా బిగించకు, అన్నయ్యా.”