ఆళ్లగడ్డకు రాని బంకు

బాలస్వామి పేరు వింటే చాలు, దేవదానానికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. స్వయానా చిన్నాయన కొడుకు. వాడి మాట నమ్మే పాత ఆటో వదిలించుకుని సీఎన్‌జీ ఆటో తీసుకున్నాడు.

"పొగుండదు. ఖర్చు సగానికి సగం. ఆళ్లగడ్డ రోడ్డు మీద నా స్థలంలోనే గ్యాసు బంకు వస్తాండాది. ఇంట్లోంచి కాలు బయట పెడితే బంకు. ఇంకేం కావాలన్నా నీకు?" అన్నాడు బాలస్వామి ఆనాడు.

ఆటో వచ్చింది. బంకు రాలేదు.

ఇప్పుడు గ్యాసు కావాలంటే నంద్యాల పోవాలి. పట్టించినదాంట్లో సగం పోయి రావడానికే మండిపోతుంది. పొగ రాదన్న మాట మటుకు నిజమే. వచ్చేదంతా దేవదానం ముక్కుల్లోంచే.

ఆ శనివారం పొద్దున నంద్యాల బంకు ముందు ఆటోల వరుస రోడ్డెక్కింది. పైపులో ప్రెషర్ లేదట. ఒక్కో బండికీ పట్టేసరికి తాతలు దిగొస్తున్నారు. అక్కడ ఆళ్లగడ్డ బస్టాండులో అహోబిలం యాత్రికులు కాచుకుని ఉన్నారు. తిరుమంజనం వేళకు వాళ్లను గుడికి చేర్చాలి. అహోబిలంలో సత్రం నడిపే శ్రీరంగమ్మ చెప్పే బాడుగలతోనే దేవదానం ఇల్లు గడుస్తోంది. పోయిన శనివారం కూడా ఈ వరుసలోనే ఇరుక్కుని ఆమె చేత చీవాట్లు తిన్నాడు.

ఫోన్ మోగింది.

"యాడుండావప్పా?" శ్రీరంగమ్మే.

"దారిలోనే అమ్మా, వస్తాండా."

"దారిలో అయితే ఆ హారన్ల గోలేంది? నంద్యాల బంకు కాడ నిలబడి నా చెవిలో పూలు పెడ్తాండావా?"

దేవదానం నాలుక కరుచుకున్నాడు. వెనక ఆటోలోని రూబెన్ పకపకా నవ్వాడు. వాడిది ఉయ్యాలవాడ. గ్యాసుకు వాడికీ నంద్యాలే గతి.

"ఆళ్లగడ్డలో బంకు వచ్చింటే మనకీ ఖర్మ పట్టేదా అన్నా? ఎవడో ఆ స్థలంలో తనకు దారుందని కోర్టుకు పోయి స్టే తెచ్చినాడంట. వాణ్ణి పట్టుకొచ్చి మన మాదిరి ఈ ఎండలో నిలబెట్టాల. అప్పుడు తెలుస్తాది నా కొడుక్కి!"

"స్టే తెచ్చినోణ్ణి అంటావేంది?" దేవదానం కసిరాడు. "బంకు పెడ్తానన్నోడు ముందే అన్నీ చూసుకోవద్దా? తప్పంతా ఆ బాలస్వామిదే!"

"ఆయప్పను ఇంకేమంటావులే, పాపం. బంకు వస్తాదని ఎదురుచూసి ఎదురుచూసి సగమైనాడంట."

ఆ పొద్దుటికి దేవదానం చెవిన పడ్డ చల్లని మాట అదొక్కటే.

వరుస కదిలింది. ఇంక ముందున్నది ఒక్క ఆటో. ఇంతలో ఫోన్ మళ్లీ మోగింది.

"నువ్వింక రాబల్లేదు," అంది శ్రీరంగమ్మ. "వాళ్లు జీపెక్కినారు. ఇంకమీద బాడుగలన్నీ ఆ జీపాయనకే చెప్తా. నీ గ్యాసు నువ్వు బాగా పట్టించుకో నాయనా."

ఫోన్ పెట్టేసింది.

"అన్నా, దిగు. గ్యాసు పడ్తా," అన్నాడు బంకు మనిషి, అప్పుడే.

దేవదానం దిగాడు. పోయే బాడుగ లేని బండికి నిండా గ్యాసు పట్టించుకుంటూ, బాలస్వామిని వాడి ఏడు తరాలతో కలిపి తిట్టాడు. అవి తన తరాలేనని గుర్తు రాలేదు.

రూబెన్ ఎండలో నిలబెట్టాలన్న ఆ స్టే తెచ్చిన మనిషి దేవదానమే. బాలస్వామి బాగుపడకూడదని వేసిన ఆ దావా ఖర్చులకు అతను అమ్ముకున్నది ఎకరా ముప్పై రెండు సెంట్ల నల్లరేగడి.