ఆపమన్నప్పుడు

"నొప్పి ఉండదని మాత్రం చెప్పకండి," అంది దర్జీ పని చేసే ఆమె, పరీక్ష బల్ల మీద పడుకుంటూనే.

గర్భసంచి ముఖద్వారం నుంచి పరీక్షకు చిన్న ముక్క తీయాలి. పోయినసారి వేరే ఆస్పత్రిలో ఆ మాటే నమ్మింది. నొప్పికి అరిస్తే, "పిల్లల్ని కన్నదానివి, ఇదో నొప్పా?" అన్నారు. మధ్యలోనే లేచి వచ్చేసింది.

"ఉంటుంది," అంది డాక్టరమ్మ. "అందుకే ముందు మత్తు సూది వేస్తాను. అదీ చురుక్కుమంటుంది. మీరు ఆపమంటే ఆపేస్తాను."

"అందరూ అలాగే అంటారు."

తోడొచ్చిన పెద్ద తోడికోడలు ఆమె చెవిలో, "మంచావిడలాగే ఉన్నారే," అంది.

"మొహం చూసి ఏం తెలుస్తుందక్కా?"

సూది నిజంగానే చురుక్కుమంది. కాసేపటికి లోపల మొద్దుబారింది. డాక్టరమ్మ పరికరం చేతిలోకి తీసుకుంది.

"ఆపండి."

డాక్టరమ్మ వెంటనే పరికరం ట్రేలో పెట్టేసి, స్టూలు వెనక్కి జరుపుకుని కూర్చుంది. విసుక్కోలేదు, ఎందుకని అడగలేదు.

"అదేంటే, ఆవిడ ఇంకా ముట్టుకోనే లేదు," అంది తోడికోడలు.

"తెలుసక్కా. ఆపుతారో లేదో చూద్దామని."

తోడికోడలు సిగ్గుతో తల దించుకుంది. డాక్టరమ్మ మాత్రం, "ఇంకోసారి చూస్తారా?" అని అడిగింది, మామూలుగానే.

బిగుసుకున్న ఆమె కాళ్లు మెల్లగా వదులయ్యాయి.

"అక్కర్లేదు. కానివ్వండి."