అడ్డుకర్ర

టైడా స్టేషన్ నుంచి పైఊరికి వెళ్లే రోడ్డు మీద ఆడవాళ్లు వెదురుకర్ర అడ్డం పెట్టారు.

గిరిజనుల ఇటుకల పండగ రోజులు. మగవాళ్లు వేటకని అడవిలోకి పోతారు, ఆడవాళ్లు రోడ్డు కాస్తారు. వచ్చినవాళ్లు పండగ మామూలు ఇచ్చో, తమతో నాలుగడుగులు థింసా ఆడో కర్ర దాటాలి. కలెక్టరుకైనా అదే రూలు.

ఈ ఏడు కర్ర రెండో కొస వెన్నెల చేతికిచ్చారు.

అది చిన్న మర్యాదేం కాదు. వాళ్ల నాన్న కాఫీ తోటల మేస్త్రీగా జాంబియా వెళ్తే ఆ పిల్ల ఐదేళ్లు అక్కడే చదివింది. తిరిగొచ్చిన నాటి నుంచి తోటి ఆడగుంటలు "దొరసాని" అంటూ ఏడిపిస్తూనే ఉన్నారు. నోరు జారి ఒక ఇంగ్లీషు ముక్క అందంటే వారమంతా అదే వేళాకోళం.

ఆ ఇంగ్లీషే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది.

ఐర్లాండులో ఒక యూనివర్సిటీ సీటిచ్చింది. ఫీజు కూడా వద్దంది. ఒకటే షరతు, ఇంగ్లీషు వచ్చని ఏప్రిల్ పదిహేనులోగా రుజువు చూపాలి. ఒక్క పూట దాటినా సీటు వేరేవాళ్లకి పోతుంది. పరీక్ష రాద్దామంటే విశాఖలో తేదీలన్నీ నిండిపోయాయి. లేదంటే చదివిన బడి హెడ్మాస్టరు సంతకంతో ఉత్తరం కావాలి. ఆ బడేమో మూతబడి ఏడాదైంది. దాని పాత చిరునామాకే జనవరిలో ఒక ఉత్తరం రాసి పడేసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇవాళ పదమూడు. ఆమె ఆశ వదిలేసుకుంది.

పొద్దుటి రైలు దిగిన ఒక ముసలాయన ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. చంకలో గొడుగు, భుజాన గుడ్డసంచి, ఒంటి మీద బాగా నలిగిన చొక్కా.

కర్ర చూసి ఆగిపోయాడు.

"పండగ మామూలు ఇయ్యి తాతా. లేపోతే ఆడు," అంది రత్న. కర్ర మొదటి కొస ఆమెది.

ఆయనకి తెలుగు రాదు. అడ్డంగా ఉన్న కర్రనీ, అరుస్తున్న ఆడవాళ్లనీ భయంగా చూశాడు. తర్వాత ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

"ఇవాళ బందా అమ్మా? రోడ్డు మూసేశారా? ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

వెన్నెలకి ప్రతి మాటా అర్థమైంది.

"ఏటంతన్నాడే?" అంది రత్న. "ఒలే దొరసానీ, నువ్వు సెప్పు."

గుంటలంతా ఆమె వైపు తిరిగారు. నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

వెన్నెల కర్ర గట్టిగా పట్టుకుంది.

"నాకేటి తెల్సు? ఆ మాటలు నాకు రావు."

"మరి ఐదేళ్లు ఏటి సదివినావు?"

"మర్సిపోనాను."

అందరూ పక్కున నవ్వారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది. చాలా రోజుల తర్వాత ప్రాణం తేలికపడింది.

ముసలాయన సంచిలో చెయ్యి పెట్టి ఏదో తీయబోయాడు. అంతలో డప్పు మోగింది. గుంటలు చేతులు కలుపుకుని ఆయన చుట్టూ థింసా మొదలుపెట్టారు. ఆయన కంగారుపడి, అందరికీ దండం పెట్టి, వెనక్కి మళ్లాడు.

కొంత దూరం పోయి ఆగి, వెన్నెల వైపే చూశాడు. ఆమె తల దించుకుంది.

మధ్యాహ్నం రాగి అంబలి గిన్నె పక్కన పెట్టేసింది. 'పండగ తాతా, భయం లేదు, రండి' అని ఒక్క మాట అంటే ఏం పోయేది? పరిగెత్తి స్టేషన్‌కి వెళ్దామనుకుంది. గుంటలు మళ్లీ ఏమంటారో అని ఆగిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

పదహారో తేదీ పొద్దున కామేష్ బావ అడవి నుంచి ఊళ్లోకి వచ్చాడు. స్టేషన్ దగ్గర టీకొట్టు అతనిదే. చేతిలో ఒక అడవికోడి ఉంది. చొక్కా లోపలి నుంచి, చెమటకి మెత్తబడిన కవరు ఒకటి తీశాడు.

"నీకే గుంటా. ఓ ముసలాయన సాయంత్రం బండెక్కబోతా ఇచ్చినాడు. నీ పేరు సూపించి బేగి, బేగి అన్నట్టు సేతులూపినాడు."

"ఎప్పుడు బావా?"

"మూడ్రోజులైంది. ఆ సాయంత్రమే కొట్టు కట్టేసి అట్నుంచటే ఏటకి పోనాను."

"ముందు ఇది ఇచ్చి ఎల్లాల్సింది గదా."

"ఏటకని బయల్దేరినోడు ఉత్తి సేతుల్తో ఊళ్లోకి వస్తే, మీరు పేడనీళ్లు కొట్టకుండా ఒగ్గేత్తారేటి? కోడి ఇయ్యాలే దొరికింది."

ఈ ఏడు ఆ పేడనీళ్లు కలిపి పెట్టింది వెన్నెలే.

కవరు చింపింది. కాగితం పైన తన బడి పేరు, కింద గుండ్రటి ముద్ర, సంతకం. ఈ విద్యార్థిని ఐదేళ్లూ అన్ని పాఠాలూ ఇంగ్లీషులోనే చదివిందని, ఎలాంటి కొత్తవారితోనైనా జంకు లేకుండా ఇంగ్లీషులో మాట్లాడగలదని అందులో ఉంది.

గడువు నిన్నటితో అయిపోయింది.

వెనకాల చిన్న చీటీ. అదీ ఇంగ్లీషులోనే, చేతిరాతతో.

"అమ్మా వెన్నెలా, నీ ఉత్తరం జాంబియా నుంచి తిరిగి తిరిగి కేరళలో మా ఇంటికి చేరేసరికి ఆలస్యమైంది. ఫోను కలవలేదు. పోస్టులో గడువు దాటిపోతుందని నేనే రైలెక్కాను. నువ్వు వెళ్లాక ఆ బడికి వచ్చాను కనుక నిన్ను చూడలేదు, రిజిస్టర్లో నీ మార్కులు చూశాను. మీ ఊరి రోడ్డు మూసేశారు. కర్ర పట్టుకున్న ఒక అమ్మాయికి నా మాటలు అర్థమైనట్టే అనిపించింది, నువ్వేనేమో అనుకున్నాను. నువ్వయితే పలికేదానివి కదా అని వెనక్కి తిరిగాను. ఇట్లు, మీ బడి ఆఖరి హెడ్మాస్టరు."