ఓపిక పరీక్ష

శిక్షణ తెర మీద యంత్రం పుట్టించిన ముసలమ్మ భోరున ఏడుస్తూ పొలం తగాదా చెబుతోంది. మధ్యలో ఆపితే ఓపిక పరీక్ష తప్పినట్టే. తప్పిన జడ్జిని ఆ ఏడంతా బెంచి ఎక్కనివ్వరు. జడ్జి హైమవతి పళ్ల బిగువున వింటోంది.

బంట్రోతు దాలినాయుడు తలుపు తోశాడు.

“అమ్మా, పొలం కేసు గౌరమ్మ పొద్దుటేల నించి కూకుంది. ఒక్క మాట సెప్పుకుంతాదట.”

“వాయిదా అని చెప్పు!” తెర మీంచి చూపు తిప్పకుండానే గొంతు తగ్గించి కసిరింది.

“మళ్లీనా అమ్మా?”

“ఈ దిక్కుమాలిన పరీక్ష పాసవకపోతే ఎవరి కేసు వినేది? వెళ్లు!”

చివరికి బొమ్మ ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. “అభినందనలు. కక్షిదారు గోడు పూర్తిగా విన్నారు” అంది తెర.

హైమవతి గబగబా వరండాలోకి వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది.

“గౌరమ్మ ఏదీ?”

“లోపలెవులో ముసల్ది ఏడుస్తంది, పాపం, ముందు దాని గోడు ఇననీయండి అనేసి ఎల్లిపోనాదమ్మా.”